రిటర్న్ వీసా

పెళ్ళయిన నాలుగేళ్ళకు ప్రభావతి సింగపూర్‌కీ, ఆమె భర్త పార్థసారథి హాలండ్‌కీ ఉద్యోగాల మీద వెళ్ళారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తప్పుడు లెక్కలు వేస్తాయని కంపెనీలు హడలిపోతున్న రోజులవి. ప్రోగ్రాం రాయడం వచ్చిన మనిషి కనబడితే చాలు, టికెట్ చేతిలో పెట్టి విమానం ఎక్కించేవారు. పిలుపు ముందు ప్రభావతికే వచ్చింది. రెండేళ్ళ కూతురు అక్షరను చంకనేసుకుని ఆమె సింగపూర్‌లో దిగింది. పార్థసారథి కూడా అక్కడే ఉద్యోగం వెతుక్కుని వెనకాలే రావాలని అనుకున్నారు. ఈలోగా అతనికి హాలండ్‌లో పని దొరికింది.

"ఐదేళ్ళు ప్రభా," అన్నాడతను ఫోన్లో. "ఐదేళ్ళు ఆ దేశంలో నిలకడగా ఉంటే వాళ్ళ పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. ఆ పాస్‌పోర్టు ఒక్కటి చేతికొచ్చిందంటే మనం ఇక ఎవడి ముందూ నిలబడక్కర్లేదు."

ఆ మాట అతను ఎందుకన్నాడో ప్రభావతికి తెలుసు. కాలేజీ అయిన కొత్తలో పైచదువుకు సీటొచ్చి, వీసా కోసం తెనాలి నుంచి మద్రాసు వెళ్ళాడు. కాన్సులేటు కిటికీ అవతల ఉన్న మనిషి తల కూడా ఎత్తకుండా కాగితాలు వెనక్కి తోసేశాడు. రెండోసారి వెళ్తే మళ్ళీ అంతే. ఆ సంగతి చెప్పినప్పుడల్లా అతను నవ్వుతూనే చెప్పేవాడు గానీ, ఆ కిటికీ అతని మనసులోంచి ఎన్నడూ పోలేదు.

"నేను కూడా అక్కడికే వచ్చేస్తే?" అని అడిగింది.

"రావచ్చు. కానీ నీకు పని చెయ్యడానికి పర్మిట్ ఎప్పటికొస్తుందో తెలీదు. నువ్వు ఇంట్లో కూర్చోగలవా చెప్పు?"

ఆమె వల్ల కాదు. ఆ ఉద్యోగం అంటే ఆమెకు ప్రాణం. బాగా ఆలోచించుకునే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు.

అలా వాళ్ళ కాపురం ఫోన్లోనూ, కంప్యూటర్ తెర మీదా సాగింది. పార్థసారథి ఏడాదికోసారి వచ్చి మూడు వారాలుండి వెళ్ళేవాడు. తెర మీద నాన్న బొమ్మ కనబడగానే అక్షర పరుగెత్తుకెళ్ళి ముద్దు పెట్టేది. ప్రభావతి తర్వాత గుడ్డతో గాజు తుడిచేది. సెంగ్‌కాంగ్‌లో వాళ్ళుండే పేటకు అప్పటికింకా ట్రైన్ రాలేదు. ఆఫీసు నుంచి బస్సులు మారి వచ్చేసరికి ఆలస్యమైతే, కింది అంతస్తులో ఉండే కమలాదేవి ఆంటీ అక్షరకు అన్నం పెట్టేసేది. ఆంటీ వాళ్ళ తాతల నాడే సింగపూర్ వచ్చిన తెలుగు కుటుంబం. ఆమె తెలుగులో సగం తమిళం, మధ్యలో మలయ్ మాటలు. "మకన్ అయిందా ప్రభా?" అని ఆమె అడిగితే, భోజనం చేశావా అని అర్థమని తెలియడానికి ప్రభావతికి కొన్నాళ్ళు పట్టింది.

నాలుగో ఏడు పార్థసారథి వచ్చి వెళ్ళాక ప్రభావతికి నెల తప్పింది. ఫోన్లో చెప్పింది. అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. "వీడు పుట్టి నడక నేర్చేసరికి మనమంతా ఒక్క చోట ఉంటాం చూడు," అన్నాడు. పుట్టబోయేది మగపిల్లాడేనని ఎందుకనుకున్నాడో గాని, ఆ రోజు నుంచీ ఇద్దరూ 'వాడు' అనే అనుకున్నారు.

ఏడో నెలలో, నవంబరు వానల్లో, ఒక రోజు ఆఫీసులో ఉండగా ప్రభావతికి లోపల కదలిక లేదనిపించింది. చల్లటి నీళ్ళు తాగి ఎడమ పక్కకు ఒరిగి కూర్చుంది. కదలలేదు. టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళింది. పొట్ట మీద యంత్రం పెట్టి చూసిన డాక్టరమ్మ తెరను తన వైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే ప్రభావతికి అంతా తెలిసిపోయింది.

బిడ్డ గుండె ఆగిపోయింది, అయినా కాన్పు మామూలుగానే జరగాలన్నారు. నొప్పులు రావడానికి మందు ఇవ్వాలి, మర్నాడో ఆ తర్వాతి రోజో కావచ్చన్నారు. అప్పుడు ఆమె పార్థసారథికి ఫోన్ చేసింది. అతను ఏడ్చాడు. ఆమె ఏడవకుండా అడిగింది.

"మీరు రండి. నాకు భయంగా ఉంది."

"ఎలా రాను ప్రభా? నా పర్మిట్ కార్డు గడువైపోయింది. రెన్యువల్‌కి పెట్టాను, కొత్తది ఇంకా రాలేదు. ఇప్పుడు బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. ఇన్నేళ్ళూ బూడిదలో పోసినట్టే."

"అసలు దారే లేదా?"

"ఉంటే రానా? ఇంకొక్క ఏడాది ప్రభా. కమలాదేవి ఆంటీ ఉందిగా నీ దగ్గర."

ప్రభావతి నమ్మింది. చట్టం చట్టమే కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడనుకుంది. "సరే, మీరు ఒక్కరే ఉన్నారు, ఎవరినైనా స్నేహితుల్ని పిలుచుకోండి," అని అతన్నే ఓదార్చి ఫోన్ పెట్టేసింది.

కాన్పుకు రెండు రోజులు పట్టింది. కమలాదేవి ఆంటీ మంచం పక్కనే కూర్చుని, "అళాదేమ్మా, ఏడవకు," అంటూ తానే ఏడ్చింది. పుట్టింది మగపిల్లాడే. నర్సు వాణ్ణి తెల్లటి బట్టలో చుట్టి, ఎత్తుకుంటావా అని మెల్లగా అడిగింది. ప్రభావతి ఎత్తుకుంది. వాడి గడ్డం అచ్చం పార్థసారథి గడ్డమే, మధ్యలో చిన్న నొక్కుతో సహా. ఈ పోలిక చూడాల్సిన మనిషి చూడలేదే అన్నదొక్కటే అప్పుడు ఆమెకు తోచింది. దహనం అయ్యాక అస్థికలున్న చిన్న కుండను ఒళ్ళో పెట్టుకుని, ఆంటీతో కలిసి పడవ మీద సముద్రంలోకి వెళ్ళి కలిపి వచ్చింది. ఆ సాయంత్రం అక్షర, "Baby where?" అని అడిగితే ఏమీ చెప్పలేక జుట్టు దువ్వుతూ కూర్చుంది.

తర్వాత ఎందరో అడిగారు, మీ ఆయన రాలేదా అని. తెనాలి నుంచి పుట్టింటివాళ్ళు అడిగారు. ఆఫీసులో వాళ్ళు అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ ఆమె పర్మిట్ సంగతి వివరంగా చెప్పేది. ఎవరైనా పెదవి విరిస్తే కోపం తెచ్చుకునేది. "ఆయన అక్కడ ఎంత కుమిలిపోతున్నారో మీకేం తెలుసు?" అనేది.

ఏడాదిన్నర గడిచింది. డచ్చి భాష పరీక్ష పాసై, దరఖాస్తు పెట్టి, ఎదురుచూసి చివరికి పార్థసారథి హాలండ్ పౌరుడయ్యాడు. పౌరసత్వం ఇస్తూ ఆ దేశపు రాణిగారి ఉత్తర్వు వచ్చిందని ఫోన్లో సంబరంగా చెప్పాడు. ఇండియా పాస్‌పోర్టును మన రాయబార కార్యాలయంలో అప్పగించి వచ్చినప్పుడు మాత్రం, బయట బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయానన్నాడు. "మన ఊరి పేరున్న పాస్‌పోర్టు ప్రభా. ఇచ్చేస్తుంటే ఏదోలా అయిపోయింది." అక్షర అక్కడ ఉండటం లేదు కాబట్టి తండ్రితోపాటు ఆమెకు పౌరసత్వం రాలేదు. వచ్చి స్థిరపడ్డాక అన్నీ చూసుకోవచ్చన్నాడు. డిసెంబరులో వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తానన్నాడు. ప్రభావతి ఆఫీసులో రాజీనామా సంగతి మాటల్లో కదిపింది. అక్షరకు ఉన్ని కోట్లు కొంది. ఎన్నాళ్ళకో ఆమెకు మళ్ళీ కూనిరాగం తీయాలనిపించింది.

అలాంటి రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, దశరథరామయ్య భోజనానికి వచ్చాడు. అతను హాలండ్‌లో పార్థసారథితో కలిసి పనిచేసే మనిషి. గుడివాడ వైపు వాడు. కంపెనీ పని మీద వచ్చి రెండ్రోజులు సింగపూర్‌లో ఆగాడు. పార్థసారథి పంపిన చాక్లెట్లు, పెద్ద చీజు గడ్డ తెచ్చాడు. మనిషి మంచివాడు, మాటకారి. గోంగూర కలుపుకుంటూ స్నేహితుణ్ణి తెగ పొగిడాడు.

"అక్కడ మన తెలుగోళ్ళకి ఏం డౌటొచ్చినా పార్థసారథేనండీ. రూల్సన్నీ ఆయనకి కంఠతా. నా చెల్లెలి పెళ్ళి నేను చూశానంటే ఆయన చలవే."

"అదేం?" అంది ప్రభావతి, వడ్డిస్తూ.

"నా కార్డు గడువైపోయి రెన్యువల్లో పడింది. ఇక పెళ్ళికి వెళ్ళలేనని దిగులుపడి కూర్చున్నా. ఆయన నవ్వి, పిచ్చోడా, రిటర్న్ వీసా అని ఒకటుంది, పాస్‌పోర్టులో స్టిక్కర్ అంటిస్తారు, దాంతో పోయి రావచ్చు అన్నాడు. సెలవు పెట్టి మరీ నన్ను ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి తీసుకెళ్ళి వేయించాడు."

ప్రభావతి చేతిలో గరిటె ఆగింది.

"దానివల్ల ఐదేళ్ళ లెక్క పోదా అండీ?"

"ఎందుకు పోద్దండీ? రెండు వారాలు ఊరెళ్ళొస్తే కాపురం ఎత్తేసినట్టా? నాకూ పౌరసత్వం వచ్చిందిగా."

"మీ చెల్లెలి పెళ్ళి ఎప్పుడయింది?"

"రెండు వేల రెండు, జూన్లో. ఇప్పుడు దానికో కూతురు కూడానూ," అని నవ్వాడు దశరథరామయ్య.

జూన్. తన బిడ్డ పోయింది అదే ఏడు నవంబరులో. ప్రభావతి వంటింట్లోకి వెళ్ళి పెరుగు గిన్నె తీసుకుంది. గిన్నె చేతిలో పట్టుకుని, ఎందుకొచ్చిందో మరిచిపోయినదానిలా స్టవ్ ముందు నిలబడిపోయింది. హాల్లోంచి అక్షర, "అమ్మా, uncle asking for more rice lah," అని సింగపూర్ ఇంగ్లీషులో కేకేస్తే తెలివి తెచ్చుకుంది. అన్నం పెట్టింది, పెరుగు వడ్డించింది, కిళ్ళీ ఇచ్చింది. లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపింది. ఇంట్లోకొచ్చి తలుపేసుకుంది. వండింది వండినట్టే ఉంది. ఆమె తినలేదు.

ఫోన్లో అడగలేదు. ముఖం చూసి అడగాలనుకుంది. అడిగితే ఏదో ఒక మాట చెబుతారు, ఆ మాటతో ఇదంతా సర్దుకుంటుంది అని కూడా ఆశపడింది. అప్పుడు ఆ సదుపాయం ఆపేశారనో, ఇంకేదో అయిందనో ఆయన చెబితే, వెంటనే నమ్మేయడానికి సిద్ధంగా ఉంది.

డిసెంబరులో పార్థసారథి వచ్చాడు. విమానాశ్రయంలోంచి బయటికొస్తూనే ముదురు ఎరుపు పాస్‌పోర్టు ఎత్తి చూపించి నవ్వాడు. జుట్టు పలచబడింది. గడ్డం మీద ఆ నొక్కు చూడలేక ప్రభావతి తల వంచుకుంది. మర్నాడు పొద్దున్న అక్షరను ఆంటీ దగ్గర దింపి వచ్చి, అతని ఎదురుగా కూర్చుంది.

"దశరథరామయ్యగారికి మీరు రిటర్న్ వీసా వేయించారట."

అతని చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది. ముఖంలో రంగు పోయింది. ఆమె ఆశ అంతటితో అయిపోయింది.

"మరి నన్ను అసలు దారే లేదన్నారు."

"ప్రభా, నీకు తెలీదు. దానికి వెళ్తే ఫైలు తీస్తారు. నేను కంపెనీ మారినప్పుడు మధ్యలో కొన్ని వారాలు ఖాళీ ఉంది. ఎవడైనా అది పట్టుకుని ప్రశ్నలేస్తే? రెన్యువల్ ఆపేస్తే? ఆ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడాలంటేనే నాకు చెమటలు పట్టాయి. ఆఫీసు దాకా వెళ్ళాను ప్రభా, ఒట్టు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను."

"దశరథరామయ్యగారి కోసం లోపలికెళ్ళారుగా?"

"అది ఆయన ఫైలు."

"వాడు మన బిడ్డ."

పార్థసారథి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "నేనొచ్చినా వాడు బతికొచ్చేవాడు కాదు కదా," అన్నాడు.

"వాడి కోసం రమ్మన్నానా? నా కోసం రమ్మన్నాను. రాలేనని చెప్పినా సరిపోయేది. భయమేస్తోంది ప్రభా అంటే నేను అర్థం చేసుకునేదాన్నే. దారి లేదన్నారు. నేను ఇన్నాళ్ళూ ఊరందరితో మీ తరఫున పోట్లాడాను."

అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేద్దామనుకుంది. చెయ్యి లేవలేదు. కాసేపయ్యాక, "మేము అక్కడికి రావడం లేదండీ," అని మాత్రం చెప్పింది. ఉన్ని కోట్లు కమలాదేవి ఆంటీ చేత ఎవరికో ఇప్పించేసింది.

సెలవయ్యాక అతను ఒక్కడే వెళ్ళాడు. కొన్నాళ్ళకు అక్కడి ఉద్యోగం మానేసి, సింగపూర్‌లో పని వెతుక్కుని వచ్చేశాడు. ప్రభావతి వద్దనలేదు. ఆమెకు అప్పటికే అక్కడ శాశ్వత నివాస హక్కు ఉంది. భర్త కాబట్టి అతనికీ వచ్చింది. ఇంట్లో ముగ్గురయ్యారు. పార్థసారథి పొద్దున్నే లేచి టిఫిన్ చేసేవాడు, అక్షరకు లెక్కలు చెప్పేవాడు, ప్రభావతికి ఆలస్యమైతే స్టేషన్ దగ్గర గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఏ లోటూ చెయ్యలేదు. ఒక రోజు అక్షర స్నేహితురాలితో ఫోన్లో, "Cannot lah, my father is staying with us now," అనడం విని అతను బాల్కనీలోకి వెళ్ళి బట్టలు మడత పెడుతూ ఉండిపోయాడు. ప్రభావతి చూసింది. జాలేసింది. కూతుర్ని పిలిచి, అలా అనకూడదు, ఇది నాన్న ఇల్లు కూడా అని చెప్పింది. కాని ఆ జాలి, ఎదురింటి మనిషి మీద వేసే జాలిలాంటిదేనని ఆమెకే తెలుసు. రాత్రిళ్ళు కూతురి గదిలోనే పడుకునేది.

మూడేళ్ళ తర్వాత ఒక సాయంత్రం అతను చెప్పాడు.

"నేను సింగపూర్ పౌరసత్వానికి పెట్టుకుంటున్నాను ప్రభా."

"ఇప్పుడెందుకు? హాలండ్‌ది ఉందిగా."

"ఇక్కడివాళ్ళు రెండు ఒప్పుకోరు. ఇది తీసుకుంటే అది పోతుంది. పోనీ. అది నా దగ్గరున్నంత కాలం నీకు నేను కనపడను, అదే కనపడుతుంది."

ఆమె కంగారుపడింది. "దానికోసం ఎంత చేశారో నాకు తెలుసు. ఉంచుకోండి. నా కోసం పోగొట్టుకున్నానని రేపు మీకనిపిస్తే నేను భరించలేను."

"అనిపించదు."

"నేను అడగలేదు. అది గుర్తుంచుకోండి."

అతను వినలేదు. మంజూరయ్యాక డచ్చి రాయబార కార్యాలయానికి తానే వెళ్ళి పాస్‌పోర్టు అప్పగించి వచ్చాడు. ఆ పని కాసేపట్లోనే అయిపోయిందన్నాడు. సంపాదించడానికి ఆరేళ్ళు పట్టిందని నవ్వబోయి ఆగిపోయాడు. ప్రమాణం చేసే రోజు ప్రభావతి, అక్షర కూడా హాలుకు వెళ్ళారు. అతను కుడిచెయ్యి పైకెత్తి అందరితోపాటు మాటలు పలికాడు. అక్షర చప్పట్లు కొట్టింది. కొట్టమని తల్లి చెప్పకుండానే కొట్టినందుకు అతని కళ్ళు మెరిశాయి.

బయటికొచ్చి, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కూర్చున్నారు. ఈ చోటు మాదేనని గుర్తుగా అక్షర బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, "Chope already," అని ముగ్గురికీ నూడుల్స్ తేవడానికి క్యూలోకి వెళ్ళింది. పార్థసారథి ఆమె వెళ్ళేదాకా ఆగాడు.

"ప్రభా, ఇప్పుడు నాకు ఇంకో దేశం లేదు. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇక్కడే, మీ దగ్గరే."

"తెలుసండీ."

"ఇంకేం చెయ్యమన్నా చేస్తాను. ఏం చేస్తే నువ్వు మళ్ళీ..."

ప్రభావతి అతని వైపు తిన్నగా చూసింది. చాలాకాలం తర్వాత అలా చూసింది. ఈ మనిషిని ఆమె ప్రేమించి పెళ్ళాడింది. ఈయన తన కోసం ఇప్పుడు ఇచ్చేసినది చిన్నదేమీ కాదు. అబద్ధం చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా.

"చెయ్యాల్సిందేం లేదండీ," అంది. "మీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడు పోయిందో తెలీదు, పోయింది. కోపం పోతే దాని కింద ఇంకేదైనా మిగిలి ఉంటుందేమోనని నేనూ చూశాను. ఒట్టు, చాలా రోజులు చూశాను."

అతను బల్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"అక్షరకు నాన్న కావాలి," అంది ప్రభావతి. "అది పెద్దదయ్యేదాకా ఉండండి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

అక్షర ట్రే పట్టుకుని జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వస్తోంది. పార్థసారథి ముఖం తుడుచుకుని, లేచి ఎదురెళ్ళి కూతురి చేతిలోంచి ట్రే అందుకున్నాడు. ముగ్గురూ తినసాగారు. అక్షర స్కూల్లో జరిగిన ఏదో తమాషా చెబుతుంటే అతను వింటూ, సమయానికి నవ్వుతూ ఉన్నాడు. ప్రభావతి మాత్రం చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, చెంపల మీదుగా జారుతున్న నీళ్ళను తుడుచుకోకుండా కూర్చుంది. తండ్రీ కూతుళ్ళలో ఎవరూ ఆమెను ఎందుకని అడగలేదు.